నీటితిత్తి

"...ఇరవయ్యేళ్లుగా ఈ తిత్తి నాలోనే కాపురం చేస్తోంది, ఇవాళ ఉలాక్ ఆడితేనే పగులుతుందా?" అంటూ తెమిర్కుల్, మేక కళేబరం కోసం గుర్రాలమీద పెనుగులాడే ఆ ఆటకు తన గుర్రానికి జీను బిగించాడు.

"పగిలితే ఊపిరాడదని డాక్టరమ్మ చెప్పలేదూ? చెవులు కూడా గుర్రానికే ఇచ్చేశావా?" అంది భార్య బురుల్చా.

కుక్కల నుంచి వచ్చిన పురుగు అతని కాలేయంలో పిడికిలంత నీటితిత్తి అయింది. ఒళ్లు దాని చుట్టూ గోడ కట్టి ఊరుకుంది. ఆటలో ఎవరి మోకాలో తగిలి అది చిట్లితే, ఆ నీటిమీద విరుచుకుపడే ఒళ్లే అతని ప్రాణం తీయవచ్చు.

పొద్దున కోసిన గొర్రె ఊపిరితిత్తిలోనూ అలాంటి తిత్తే ఉంది. అలవాటుగా అతను కుక్కకు విసరబోతే ఆమె లాక్కుని దాచింది. ఇప్పుడు దాన్ని పళ్లెంలో తెచ్చి, కత్తిమొన ఆనించింది. నీళ్లు చివ్వున చిమ్మి అతని బూటును తడిపాయి.

తెమిర్కుల్ కాసేపు బూటుకేసి చూసి, జీను పట్టీ వదులు చేశాడు.

"రేపు నారిన్ ఆసుపత్రికి పోదాం. ఆపరేషన్ చేయించుకుంటాను."