భోషాణం జరిపిన ఏడు

మా పిల్లికి కళ్ళు కనపడవని మాకు తెలిసింది గోడలకు రంగు వేయించినందువల్ల. లేకపోతే ఎప్పటికి తెలిసేదో, అసలు తెలిసేదో లేదో.

ఎనభైల నడుమ సంగతి. కరణీకాలు రద్దయి ఇంకా ఎంతో కాలం కాలేదు. తరాల తరబడి మా అరుగు మీద కూర్చోకుండా ఊళ్ళో ఏ గట్టు తగాదా తేలేది కాదు. ఆ అరుగు మీద ఇప్పుడు పక్కింటివాళ్ళ మిరపకాయలు ఎండుతున్నాయి. వద్దనడం మర్యాద కాదని నాన్నగారు ఊరుకున్నారు. పొలం అంతకు ముందే చాలావరకు పోయింది. పోయినదాన్ని గురించి మాట్లాడుకోవడం మా ఇంట్లో అలవాటు లేదు. నిలువుటద్దం పోయిన రోజునా, ఉయ్యాలబల్ల పోయిన రోజునా నాన్నగారు మామూలుగానే భోంచేసి, మామూలుగానే పడక్కుర్చీలో నడుం వాల్చారు. ఎవరైనా అడిగితే మరమ్మతుకు పంపామనేవాళ్ళం. అడిగినవాళ్ళు కూడా మర్యాదస్తులే కాబట్టి ఎప్పుడొస్తుందని అడిగేవారు కాదు.

గోడలకు ఆ మర్యాద లేదు. అద్దం ఉన్నచోట మనిషెత్తు తెల్లమచ్చ, గడియారం ఉన్నచోట జానెడు మచ్చ. చుట్టూ సున్నం పొగచూరి, ఆ మచ్చలు హాల్లో అడుగుపెట్టిన ప్రతివాడికీ ముందుగా కనపడేవి.

ఆ ఏడు మాఘమాసం వెళ్ళగానే నాన్నగారి షష్టిపూర్తి. గుంటూరు నుంచి, ఒంగోలు నుంచి చుట్టాలు వస్తారు. "ఈసారి సున్నం కాదు, డిస్టెంపర్ వేయిద్దాం" అన్నారు నాన్నగారు. మచ్చల మాట ఆయన ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. లేత పిస్తా రంగు ఆయనే ఎంచారు. అమ్మ తన పాత మంగళగిరి చీరలు రెండు కత్తిరించి, జరీ అంచు కిందికి వచ్చేటట్టు కిటికీలకు తెరలు కుట్టింది. సామాను సర్దే పని నాది. ఉన్న కాసిని కుర్చీలతోనే హాలు నిండుగా కనపడాలి. దాన్నొక విద్యలాగా సాధన చేశాను. కుర్చీలు గోడకు ఆనించకుండా కాస్త ముందుకు జరిపితే గది చిన్నదవుతుంది. ఎంత సర్దినా ఉయ్యాలబల్ల ఉండిన గోడ మాత్రం బోసిగానే ఉండేది. అప్పుడు మా అత్తయ్య గదిలోని భోషాణం గుర్తుకు వచ్చింది. ఇత్తడి పూలు తాపిన నల్లటి టేకు పెట్టె. లోపల పాత బొంతలు తప్ప ఏమీ లేవు. అది హాల్లోకి వచ్చి కూర్చుంటే, దాని నిండా ఏముందోనని వచ్చినవాళ్ళు అనుకుంటారు. అనుకోవాలనే మా ఉద్దేశం.

అత్తయ్య అంటే నాన్నగారి అక్కయ్య. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. దేవుడి వంట ఆమెదే. పొద్దున్నే స్నానం చేసి మడి చీర కట్టుకున్నది మొదలు భోజనాలయ్యేదాకా ఆమెను మేమెవరమూ తాకకూడదు. పిల్లి తాకవచ్చు. పిల్లికి మైల లేదని శాస్త్రం ఉందని ఆమె అనేది. ఏ శాస్త్రంలో ఉందని నేనెన్నడూ అడగలేదు. పొయ్యి ముందు కూర్చున్న ఆమె మోకాలికి ఒళ్ళు రాసుకుంటూ ఆ బూడిదరంగు పిల్లి తిరుగుతుంటే, ఆమె గరిటె తిప్పుతూనే "ఉండవే తల్లీ, ఉండు" అనేది. పొద్దుటిపూట ఆమె మాట్లాడే మాటలు చాలావరకు దానితోనే.

అంతకు ముందు ఇంకో పిల్లి ఉండేది. అది పత్తి చేలల్లోకి పోయి ఏ ఎలకను తిందో, నురగలు కక్కుతూ వచ్చి వంటింటి గుమ్మంలో పడిపోయింది. ఆ రోజుల్లో పత్తికి కొట్టే మందు ఎలకల్లోనూ పిచ్చుకల్లోనూ కూడా ఉండేది. అందుకని ఈ పిల్లిని అత్తయ్య గడప దాటనివ్వలేదు. ఇంట్లో ఎలక కనపడితే బోను పెట్టి పట్టించి, పొలిమేరలో వదిలి రమ్మనేది. పిల్లికి రెండు పూటలా పెరుగన్నం, మధ్యలో పాలు. "కరణంగారింట్లో పిల్లి కూడా నీచు ముట్టదంట" అని ఊళ్ళో చెప్పుకునేవారు. మేము దాన్ని పొగడ్తగానే తీసుకునేవాళ్ళం.

భోషాణం జరిపిన రోజు పిల్లి వంటింట్లోంచి ఎప్పటిలాగే గోడవారగా నడుచుకుంటూ అత్తయ్య గదిలోకి వచ్చింది. ఎప్పుడూ అది భోషాణం మీదికి ఒక్క గెంతు గెంతి, అక్కడినుంచి కిటికీలోకి పోయి ఎండలో పడుకునేది. ఆ రోజూ గెంతింది. ఏమీ లేనిచోట ఎగిరి, గోడకు కొట్టుకుని, నేల మీద పడింది. లేచి మళ్ళీ గెంతింది. నిచ్చెన మీదున్న రంగులవాడు పగలబడి నవ్వాడు.

"పెద్దమ్మగారూ, మీ పిల్లి యాడో కల్లు తాగొచ్చినట్టుందండీ!"

రంగు వాసనకు తికమక పడి ఉంటుందని నేనన్నాను. అది హాల్లోకి వచ్చి, నేను ముందుకు జరిపిన కుర్చీకి ముఖం కొట్టుకుంది. పక్కకు తిరిగి రెండో కుర్చీకి కొట్టుకుంది. హాలు నడిమధ్య కూర్చుని అరవడం మొదలుపెట్టింది. అత్తయ్య వచ్చి దాని ముందు గొంతుక్కూర్చుని చెయ్యి ఊపింది. మూతి దగ్గరగా వేలు పెట్టింది. కళ్ళు కదల్లేదు.

"ఒరేయ్, ఇది నన్ను చూట్టం లేదురా" అంది.

మర్నాడు చిలకలూరిపేట పశువుల ఆసుపత్రికి బయల్దేరాం. నేను తీసుకెళతానంటే అత్తయ్య ఒప్పుకోలేదు, తనే వస్తానంది. ఆమె బస్సెక్కి ఎన్నేళ్ళయిందో. మూత ఉన్న వెదురుబుట్టలో పిల్లిని పెట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పత్తి కాలం కావడంతో లారీలన్నీ మిల్లుల వైపే పోతున్నాయి. రోడ్డు పక్క తుమ్మచెట్ల ముళ్ళకు పత్తి పీచులు వేలాడుతున్నాయి. అత్తయ్య బుట్ట సందులోంచి వేలు దూర్చి దాన్ని తాకుతూనే ఉంది.

మా తాతగారి రోజుల్లో మా ఒంగోలు గిత్తలకు నలత చేస్తే పశువుల డాక్టరే మా ఇంటికి వచ్చి, ఫలహారం చేసి, ఎద్దును చూసి వెళ్ళేవాడట. ఆ సంగతి తలుచుకుంటూ ఆసుపత్రి ముందు వరసలో గేదెల వెనక నిలబడ్డాను. బుట్ట ఇప్పుడు నా చంకలో ఉంది. ముందున్న రైతు వెనక్కి తిరిగి చూశాడు.

"ఏందండీ, చంకన పిల్లిని పెట్టుకుని బయల్దేరారు, పెళ్ళికా?"

"ఊరుకోరా, కరణంగారబ్బాయిరా ఆయన" అన్నాడు పక్కవాడు.

"అయితే ఏంది? పిల్లి పిల్లే గదా!"

అందరూ నవ్వారు. నేను వీపు నిటారుగా పెట్టి ఎదుటి గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. అత్తయ్య మాత్రం వాడివైపు తిరిగింది.

"పెళ్ళికే నాయనా. నీ గేదెను కూడా తోలుకురా, పంక్తిలో పెరుక్కి తడుముకోనక్కర్లేదు."

నవ్వు వాడిమీదికి తిరిగింది. వాడే పక్కకు జరిగి, "మీరు ముందెళ్ళండమ్మా" అన్నాడు.

డాక్టరు కుర్రవాడే. పిల్లిని బల్ల మీద పెట్టి, కంట్లోకి టార్చిలైటు వేశాడు. నల్లపాప అంత వెలుతురులోనూ ముడుచుకోలేదు.

"ఏం పెడతారండీ దీనికి?"

"పెరుగన్నం. పాలు. మా ఇంట్లో ఇది ఎలకను కూడా ముట్టదండి" అన్నాను. అలవాటు కొద్దీ ఆ మాటలోకి కాస్త గర్వం వచ్చింది. ఆయన తలెత్తి నన్ను చూసి, మళ్ళీ పిల్లిని చూశాడు.

"ఇది పులి జాతిదండీ. మనలాగా శాకాహారంతో దీనికి సరిపోదు. మాంసమో చేపో పడకపోతే లోపల కంటిపొర చచ్చిపోతుంది. గుండె కూడా నీరసంగానే ఉంది."

"చూపు వస్తుందా బాబూ?" అంది అత్తయ్య.

"రాదమ్మా. పోయి చాన్నాళ్ళయి ఉంటుంది. తెలిసిన ఇల్లు గదా, అలవాటు మీద తిరిగేస్తోంది. చేప ఉడకబెట్టి, ముళ్ళు తీసి పెట్టండి. గుండె నిలబడితే ఇంకొన్నాళ్ళు మీ దగ్గరుంటుంది."

తిరుగు బస్సులో అత్తయ్య బుట్ట మూత కాస్త ఎత్తి, లోపలికి చెయ్యి పెట్టి కూర్చుంది. ఊరి మలుపులో అంది: "చచ్చిపోతుందేమోనని లోపల పెట్టుకున్నాన్రా. నేనే దాని కళ్ళు పోగొట్టాను."

నాన్నగారు విని పడక్కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"చేపా? ఈ గడపలోకా? నాలుగు రోజుల్లో ఇంట్లో హోమం పెట్టుకుని?"

"గడపలోకి ఎందుకురా తమ్ముడూ. పెరట్లో గొడ్ల కొట్టం ఖాళీగానే పడుందిగా."

ఆ కొట్టం ఎందుకు ఖాళీగా ఉందో తెలిసిన మనిషి కాబట్టి నాన్నగారు తిరిగి పడక్కుర్చీలో కూర్చున్నారు.

వెనకింటి రైతు భార్య గిన్నెలో ఉడికించిన చేపముక్కలు తెచ్చింది. "మీ చేత ఈ పని చేయిస్తున్నానని మా అత్త నన్ను తిట్టిపోస్తందమ్మగారూ" అంటూనే ముళ్ళు ఏరి ఆకులో పెట్టింది. అత్తయ్య పిల్లిని ఆకు ముందు దించింది. పిల్లి వాసన చూసింది. తల తిప్పుకుని అత్తయ్య చీరను వెతుక్కుంటూ వచ్చి, ఒళ్ళో ముఖం దాచుకుంది.

"ఇదేం పిల్లమ్మా! అది తిండని కూడా దీనికి తెలవదే!" అంది ఆమె, నవ్వబోయి ఆగిపోయి.

నేను కొట్టం రాటను పట్టుకుని చూస్తున్నాను. ఊరంతా చెప్పుకున్న మా ఇంటి పిల్లి అది.

అత్తయ్య అమ్మను కేకవేసి పెరుగన్నం తెప్పించింది. ఉల్లిపాయ కూడా ముట్టని ఆ చేత్తో చేపముక్క తీసి, చిదిమి, పెరుగన్నంలో కలిపింది. ఆమె ముక్కుపుటాలు అదిరాయి గాని చెయ్యి ఆగలేదు. వేలితో పిల్లి నోటికి అందించింది. అది నాకింది. ఇంకొంచెం నాకింది. తరవాత ఆమె నూతి దగ్గరికి పోయి, చీరతో సహా తలమీదుగా నీళ్ళు పోసుకుంది. రోజూ తన భోజనమయ్యాక అదే పని. ఆ వేళకు నాన్నగారు వీధి అరుగు మీద పేపరు చదువుకునేవారు.

పిల్లి తింటోంది గాని ఇంట్లో మాత్రం దారి దొరకడం లేదు. గోడలకు పాత వాసన పోయి కొత్తరంగు వాసన. భోషాణం లేని గోడకేసి తలెత్తి నిలబడేది. గెంతబోయి, మానుకుని, అక్కడే నేలమీద పడుకునేది. ఒళ్ళోకి తీసుకుని కిటికీలో పెడితే దిగడం తెలియక అరిచేది.

రేపు చుట్టాలు వస్తారనగా సాయంత్రం అత్తయ్య హాల్లోకి వచ్చింది.

"తమ్ముడూ, ఆ భోషాణం దాని చోట పెట్టించరా."

నాన్నగారు హాలంతా ఒకసారి చూశారు. పిస్తా గోడలు, జరీ అంచు తెరలు, ఉయ్యాలబల్ల ఉండిన చోట నిగనిగలాడుతున్న భోషాణం. అది తీస్తే హాలు మళ్ళీ ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

"నిన్నెప్పుడైనా ఏమైనా అడిగానట్రా?" అంది అత్తయ్య.

నాన్నగారు ఉత్తరీయం తీసి కుర్చీ మీద వేశారు. వంగి ఒక చివర పట్టుకున్నారు. ఆయన బరువెత్తడం నేనదే మొదలు చూడటం. "ఊఁ, పట్టు" అన్నారు నాతో.

మర్నాడు ఒంగోలు నుంచి వచ్చిన బాబాయి హాల్లో నిలబడి, "అన్నయ్యా, గోడలు బ్రహ్మాండంగా ఉన్నాయి. మరి ఇక్కడ... అక్కయ్య గదిలో భోషాణమైనా పెట్టాల్సింది, అది కూడానా?" అని, మాట మింగేశాడు. అత్తయ్య గదిలోనే ఉందని చెప్పవచ్చు; జనం సందడికి పిల్లి బెదురుతుందని ఆ గది తలుపు మూసే ఉంచాం. చెబితే హాల్లో ఎందుకు పెట్టలేదో చెప్పాలి, ఆ వెనకాలే కొట్టమూ చేపా బయటికి వస్తాయి. నాన్నగారు ఆయన చేతిలో తాంబూలం పెట్టి, "ప్రయాణం సుఖంగా సాగిందా?" అన్నారు. భోషాణం అమ్ముకున్నామనే అనుకుని చుట్టాలందరూ వెళ్ళారు. తరవాత చాలాకాలం బంధువుల్లో ఆ మాట తిరిగింది. మేము కాదనలేదు.

తొలకరి దాకా ఉంది పిల్లి. చివరి రోజుల్లో గెంతలేకపోతే, భోషాణం పక్కన పీట వేశాను. ఒక పొద్దున వంటింట్లోకి రాలేదు. మడి కట్టుకుని ఉన్న అత్తయ్య వెళ్ళి చూసి, అక్కడే కూర్చుండిపోయింది. చచ్చిన దాన్ని తాకితే మైలే, అది తప్పించే శాస్త్రమేదీ లేదు. ఆమె దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. ఆ రోజు మా ఇంట్లో దేవుడికి నైవేద్యం లేదు. ఎందుకని నాన్నగారు అడగలేదు. కరివేపచెట్టు మొదట్లో నేను గొయ్యి తవ్వుతుంటే వానలో వచ్చి నిలబడ్డారు.

ఆ తరవాత అత్తయ్య మళ్ళీ పిల్లిని పెంచలేదు. పొద్దుటిపూట వంటింట్లోంచి మాట వినపడటం మానేసింది. గదిలోకి వచ్చిపోయేటప్పుడు భోషాణం మూత మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం ఆగేది. మూత అంచున గోళ్ళగీతలు ఉన్నచోటే.

ఇప్పుడు నాన్నగారూ, అమ్మా, అత్తయ్యా ముగ్గురూ లేరు. ఇంటికి తరవాత కూడా రంగులు వేయించాను. వేసేవాళ్ళు ప్రతిసారీ అదే అడుగుతారు: "ఈ పెట్టె జరపమంటారా సార్?"

"జరపొద్దు. చుట్టూ వెయ్యి" అంటాను.

దాని వెనక గోడ మాత్రం ఇంకా పిస్తా రంగులోనే ఉంది.