మా లైన్‌ను నమ్మని రజియా టీచర్

నిన్న పొద్దున కస్టమర్ల గ్రూపులో మెసేజ్ చూశాను. రజియా టీచర్ ఇక లేరని.

నమ్మలేదు.

ఎవరో పొరపాటున పెట్టి ఉంటారనుకున్నాను. ముగ్గురికి ఫోన్ చేశాను. ముగ్గురిదీ ఒకటే మాట. స్కూలుకు రెడీ అయి, చెప్పులు వేసుకోబోతూ కుర్చీలో కూలబడ్డారట. గుండెపోటు. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది.

నాలుగో ఫోన్ చేయలేదు.

మార్కాపురంలో నేను ఇంటర్నెట్ కనెక్షన్లు ఇస్తానని మీ అందరికీ తెలుసు. నా కస్టమర్లలో నన్ను అందరికంటే ఎక్కువ అనుమానించిన మనిషి ఆమె.

ఆ అనుమానం నిజమే. అది నా నోటితోనే చెప్పాలి.

టీచర్ పెద్దారవీడు హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. రోజూ బస్సులో వెళ్లి రావడం. ఇంట్లో ఆమె, చెల్లెలు నూర్జహాన్, ఇద్దరే. అక్కను ఆపా అని పిలిచే నూర్జహాన్‌కు ఫిట్స్ వస్తాయి. అందుకే హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి కెమెరాలు పెట్టించుకున్నారు. ఇంటర్వెల్లో ఫోన్ తీసి చెల్లెల్ని చూసుకుంటే గానీ ఆమెకు టీ దిగేది కాదు.

కొన్నాళ్లకు కెమెరా ఒకరోజు రావడం, రెండు రోజులు రాకపోవడం మొదలైంది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. బయట నుంచి మన కెమెరా చూడాలంటే ఇంటి ఇంటర్నెట్ నంబరు తెలియాలి. అది మారుతూ ఉంటుంది. మారినప్పుడల్లా కొత్త నంబరు ఫలానా అని రౌటరే ఒక సర్వీసుకు చెప్పాలి. దాన్నే డైనమిక్ డీఎన్ఎస్ అంటారు. ఫోన్‌లో మనం ఒక పేరు కొడితే చాలు, ఆ సర్వీసు మనల్ని కొత్త నంబరుకు పంపిస్తుంది.

టీచర్ రౌటర్‌లో ఎప్పుడు చూసినా "అప్‌డేట్ సక్సెస్" అనే ఉండేది.

కెమెరా మాత్రం రాదు.

రౌటర్ మార్చాను. కరెంటు హెచ్చుతగ్గులన్నాను. కెమెరా బాక్సు పాతదన్నాను. ప్రతిసారీ చివర్లో, మా వైపు ప్రాబ్లం ఏం లేదు టీచర్ అనేవాణ్ణి. కాపీ కొట్టినవాణ్ణి చూసినట్టు నా మొహంలోకి చూసి వెళ్లిపోయేవారు.

నాకూ ఆమె మీద అనుమానమే. ఇంత పట్టుగా తిరుగుతున్నారంటే పోటీ ఆపరేటర్ ఎవడో వెనకుండి పంపిస్తున్నాడనుకున్నాను. ఆమె ఇంటికి ఎవరెవరు వస్తున్నారో కాస్త చూడమని మా లైన్‌మన్‌కు కూడా చెప్పాను.

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఒకరోజు నోట్‌బుక్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. రెండు వరుసలు. ఒకటి రౌటర్ లోపల కనిపించే నంబరు. రెండోది, అదే టైములో బయటి వెబ్‌సైటు చూపించే నంబరు. రెండూ ఒకటైన రోజు కెమెరా వచ్చింది. వేరైన రోజు రాలేదు.

"వేరైన రోజు నా రౌటర్ బయట ఎవరికీ పనికిరాని నంబరు చెప్తాంది. దానికి ఆ నంబరు ఇచ్చింది ఎవరు నాయనా?"

నేనే.

నంబర్లు చాలని రోజుల్లో చాలా ఇళ్లను ఒకే నంబరు వెనక పెట్టేసేవాణ్ణి. లోపల ఒక్కో ఇంటికి ఉత్తుత్తి నంబరు ఒకటి. వీడియోలు చూసుకునేవాళ్లకు తేడా తెలియదు. బయట నుంచి ఇంట్లోకి చూడాలంటేనే దారి ఉండదు. ఎవరు కనిపెడతారులే అనుకున్నాను.

పైవాళ్లను అడిగి చెప్తానని ఆమెను పంపించేశాను.

తర్వాతి వారం, మధ్యాహ్నం పూట ఫోన్.

"కెమెరా రాలా. నూర్జహాన్ ఫోన్ ఎత్తడం లేదు. నీ ఆఫీసు దగ్గరే గదా, ఒకసారి పోయి చూడు."

గొంతులో కోపం లేదు. అందుకే భయమేసింది.

వెళ్లేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. నూర్జహాన్ వంటింట్లో గచ్చు మీద పడి ఉంది. స్టవ్ మీద పాలు పొంగి, గిన్నె మాడుతోంది. స్టవ్ ఆపాను. ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టి పక్కింటావిడను పిలిచాను. కాసేపటికి కళ్లు తెరిచింది.

టీచర్ వచ్చేదాకా గోడ మీది రౌటర్‌ను చూస్తూ కూర్చున్నాను. పచ్చ లైట్లన్నీ బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి.

ఆటో దిగి వచ్చారు. ముందు చెల్లెలి తల నిమిరారు. అప్పుడు చెప్పేశాను. నంబరు మార్చింది నేనేనని, ఇన్నాళ్లూ అబద్ధం చెప్పానని.

"నాకు తెలుసు. నువ్వు చెప్తావో చెప్పవో, అదే తెలీలా."

అంతే. తిట్టలేదు.

సాయంత్రానికల్లా ఎప్పటికీ మారని నంబరు ఆమె ఇంటికి ఇచ్చాను. నాకొక్కదానికి ఇస్తే ఎట్ల, మిగతావాళ్లకు గూడ ఈ సంగతి చెప్పు అని పట్టుబట్టారు. అందరికీ చెప్పాను. కొందరు నా కనెక్షన్ తీయించేశారు కూడా.

అయినా నన్ను నమ్మారనుకోకండి. ప్రతి సోమవారం రెండు నంబర్లూ సరిచూసి మెసేజ్ పెట్టేవారు. నేను ఓకే అని పెడితే, "చూసే పెట్టినావా?" అని ఇంకోటి.

నిన్న సాయంత్రం జనాజా నమాజు, ఖననం అయ్యాక నూర్జహాన్‌ను పలకరించాను. గిద్దలూరు నుంచి వచ్చిన పిన్నమ్మ పక్కన కూర్చుని ఉంది. ఇక మీదట ఆ పిన్నమ్మ ఇక్కడే ఉంటుందట.

కెమెరాలు ఉంచమంటావా, తీసేయమంటావా అని అడిగాను.

నూర్జహాన్ తల ఎత్తి కెమెరా వైపు చూసింది.

"రోజంతా కెమెరా ముందర ఎవరుంటారన్నా. ఒక్కోనాడు నేనే కొంచేపు దాని స్విచ్ తీసేదాన్ని. ఆపా ఫోన్ చేసేది. బాగున్నానని చెప్తే పెట్టేసేది. ఎందుకు తీసినావని ఒక్కసారి గూడ అడగలా."

ఆ స్విచ్ సంగతి టీచర్ నాకెప్పుడూ చెప్పలేదు. ఊళ్లో అందరినీ నిలదీసిన మనిషి, చెల్లెల్ని మాత్రం అడగలేదు.

వెళ్లి రండి టీచర్. ఇన్నేళ్లు రెప్ప వేయకుండా కాపలా కాశారు. అల్లా మీకు చల్లటి చోటిచ్చి, కంటినిండా నిద్ర ఇవ్వాలి.