ముద్దప్ప అడిగిన పువ్వు

మా పేటలో దయ్యాలున్నాయని చెప్పేవాళ్ళలో సగం మందికి ఆ సంగతి మొదట చెప్పింది నేనే. బావిగట్టు మీద తెల్లచీర ఆవిడ, చెరకు మండీ వెనక తల లేని సోల్జరు, ఇద్దరూ నా సొంత సరుకు. తయారుచేసినవాడికి నమ్మకం ఎట్లా కుదురుతుంది? అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఈ చెప్పబోయేది కూడా దయ్యం కథ కాదు. మేము ఇల్లు అమ్మిన కథ. అందులో ఒక చోట మాత్రం నాకు ఇప్పటికీ కాలు జారుతుంది.

యుద్ధం జరుగుతుండిన రోజులు. బెంగళూరులో కబ్బన్‌పేట, నేతగాళ్ళ సందు. మా ఇల్లు రైలుపెట్టె మాదిరి పొడుగ్గా ఉండేది. ముందు ఒక చీకటి గది, నడుమ మగ్గం గది, వెనక వంటిల్లు, దాని వెనక బావి. ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడకేసి తెరుచుకునేది. సందు పొడుగునా మగ్గాల చప్పుడు, గాలి నిండా నూలు దుమ్ము.

ఆ దుమ్ము మా అమ్మ రొమ్ములో చేరింది. కూర్చుంటే ఆయాసం, పడుకుంటే దగ్గు. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. డాక్టరు చూసి నాయనను పక్కకు పిలిచి, "ఈ వానాకాలం గూడా ఈ సందులోనే పెట్టుకుంటే, ఆమె సంగతి నన్ను అడగొద్దండి" అన్నాడు.

బసవనగుడి అవతల గాలీ వెలుతురూ ఉండే చిన్న ఇల్లు ఒకటి దొరికింది. ఆ ఇంటాయన మైసూరు పోతున్నాడు. మీరు ఇది అమ్ముకొని రండి, అంతవరకు ఆగుతాను అన్నాడు. కానీ ఆషాఢం వస్తే ఎవరూ ఇల్లు కొనరు, ఎవరూ ఇల్లు మారరు. ఆషాఢం దాటేసరికి వానలు నడినెత్తిన ఉంటాయి. అంటే జ్యేష్ఠం లోపలే మా ఇల్లు అమ్ముడుపోవాలి.

అట్లాంటప్పుడు మాకు తగులుకున్నవాడు గోణి ముద్దప్ప.

మిలిటరీకి గోనెసంచులు వేసి నాలుగు రాళ్ళు వెనకేసినాడు కాబట్టి ఆ పేరు. పెద్ద తలపాగా, చేతిలో పొన్నుకర్ర. వచ్చినప్పుడల్లా ఆ కర్రతో గోడలన్నీ తట్టి, చెవి పెట్టి వినేవాడు.

"గోడ ఉబ్బినట్టుండాదే, నరసప్పా?"

నరసప్ప మా నాయన. "అది గోడ కాదప్పా, సున్నం" అన్నాడు.

"సున్నమే ఉబ్బినాక గోడ ఊరకుంటుందా?"

బావినీళ్ళు రెండు చెంబులు తాగి, మూతి తుడుచుకొని, "నీళ్ళు తియ్యగా ఉండాయి. ఇంత మంచి నీళ్ళుండే ఇంటిని ఎవరైనా అమ్ముతారా? ఇందులో ఏమో ఉండాది" అని అనుమానపడేవాడు. నేల మీద నీళ్ళు పోసి ఎటు పారుతాయో చూసినాడు. దూలాలు మొత్తం గోరుతో గీకినాడు. ఒకనాడు తన ఆవును తోలుకొని వచ్చి, అది తనంత తాను గడప దాటాలన్నాడు. దాటింది. కానీ దాటే ముందు వాకిట్లో పేడ వేసింది.

"లోపలికి వచ్చి వేసుంటే లక్ష్మి. బయటనే వేసిందే!" అన్నాడు ముద్దప్ప.

నాయన నెమ్మదస్తుడు. ఆయన కూడా, "రమ్మంటే వచ్చింది కదప్పా, ఎక్కడ వెయ్యాలనేది కూడా మేమే చెప్పాల్నా?" అన్నాడు.

అమ్మ గోడకు ఆనుకునే, "పెండ్లికూతుర్ని చూసేదానికి వచ్చేవాళ్ళు నయం. వాళ్ళు తట్టి చూడరు" అని గొణిగింది.

నవ్వుకున్నాం గానీ, నవ్వే సమయం కాదు. కొనను అనడు, కొంటాను అనడు. "రేపు చెప్తా అప్పా" అని పోతాడు. పోయి కాఫీ హోటల్లో కూర్చొని మా ఇంటి తప్పులన్నీ వల్లిస్తాడు. అది విని వేరే కొనేవాళ్ళు ఎవరూ మా గడప తొక్కలేదు. జ్యేష్ఠం చివరికి వచ్చింది. అమ్మ ఆయాసం పెరిగింది.

అప్పుడు వాళ్ళ అక్క నంజక్కను వెంటబెట్టుకొని వచ్చినాడు. నంజక్క చెప్పినట్టు వినడం ఒక్కటే ముద్దప్ప అనుమానం లేకుండా చేసే పని. ఆమె మగ్గం గదిలోని గూడు ముందర నిలబడింది. అందులో మా చౌడమ్మ ఉండేది. జానెడు నల్లరాతి విగ్రహం, తాతల కాలంనాటిది.

"ఇంత మాట ఎందుకు? శుక్రవారం వస్తాము. పువ్వు అడుగుదాము" అనింది నంజక్క.

మా వైపు ఈ పద్ధతి ఉండాది. అమ్మవారి రెండు భుజాల మీద రెండు తడిపూలు పెట్టి, మనసులో ఉండేది అడుగుతారు. కుడి పువ్వు పడితే సరే అని. ఎడమది పడితే వద్దని. ఏదీ పడకపోతే ఆగమని. పెండ్లికైనా, పంటకైనా, ఆపరేషనుకైనా అడిగేవాళ్ళున్నారు.

"ఆ తల్లి మీద వదిలేద్దాం" అని నాయన చేతులు జోడించినాడు. ఆయనకు నిజంగా భారం దిగిపోయినట్టుంది.

నాకు మాత్రం ఇది నచ్చలేదు. చౌడమ్మ మీద భక్తి లేక కాదు. ఇండ్ల బేరాల్లో ఆమెకు ఏమి అనుభవం ఉందని?

అప్పుడు నాకు ఇరవై దాటినాయి. ప్రతి శుక్రవారం అమ్మవారికి పూలు పెట్టే పని నాదే. గూడు వెనక గోడకు ఒక బెజ్జం ఉండేది. దీపం పొగ పోవడానికి ఎవరో పెద్దలు పెట్టించింది. అది వంటింట్లోకి తెరుచుకునేది. ఇక నేతగాడి ఇంట్లో పట్టుపోగుకు కొదవా? మూడు పోగులు కలిపి పేనితే కంటికి ఆనదు, గట్టిగా లాగినా తెగదు.

శుక్రవారం పొద్దున్నే స్నానం చేసి, కుడివైపు గన్నేరు పువ్వు తొడిమకు ఆ దారం కట్టి, బెజ్జంలోగుండా వంటింట్లోకి దూర్చినాను. ఎడమవైపు పువ్వు పొరపాటున కూడా జారకుండా, పడుగు నూలుకు పెట్టే చిక్కటి గంజి పూసి రాతికి అంటించినాను. ఆ గంజి ఆరితే గోరుతో గీకినా రాదు. ముందురోజు ఇంకో పువ్వు పెట్టి లాగి చూసుకున్నాను కూడా. చిన్న గుంజు గుంజితే ముద్దుగా వచ్చి విగ్రహం కింది తట్టలో పడింది.

ఇది నాయనకు తెలిసిందంటే ముద్దప్ప కాళ్ళు పట్టుకొని బేరం వద్దనేవాడు. అందుకని నోరు మెదపలేదు.

వాళ్ళు వచ్చినారు. హారతి ఇస్తున్నారు. నేను వంటింట్లో చేరి, దారం కొస చూపుడువేలికి చుట్టుకొని కూర్చున్నాను. చూస్తే అమ్మ అక్కడే ఉంది. గాలి కోసం బావివైపు తలుపు దగ్గర పీట వేసుకొని కూర్చుంది.

"ఏందిరా అది?"

"దారం."

"కండ్లుండాయి నాకు. అమ్మవారికే కళ్ళెం వేసినావా?"

"నీ కోసమే. అరవద్దు."

"అరిచేదానికి దమ్ముంటే ఇల్లెందుకురా అమ్ముతాము?"

ఇంతలో మగ్గం గదిలోనుంచి నంజక్క గొంతు వినపడింది. "కుడి అంటే ఏది నరసప్పా? మనకు కుడా, అమ్మకు కుడా?"

"అమ్మ కుడే తల్లీ. మనం అడిగేవాళ్ళం. ఇచ్చేది ఆమె" అన్నాడు నాయన.

వేలికి చుట్టిన దారం చూసుకున్నాను.

నేతగాడికి కుడి అంటే మగ్గం గుంతలో తాను కూర్చున్న కుడి. ఎదురుగా నిలబడినవాళ్ళకు అది ఏమవుతుందో జన్మలో ఆలోచించడు. ఊరంతటికీ తెలిసిన ఆచారంలో నేను ఎదురుగా నిలబడి, నా కుడి చేతివైపు పువ్వుకు దారం కట్టినాను. అంటే అమ్మవారి ఎడమ పువ్వు నా వేలికి ఉంది. సరే అని పడాల్సిన పువ్వు గంజితో రాతికి అతుక్కొని ఉంది.

లాగితే బేరం చస్తుంది. లాగకపోతే ఏదీ పడదు. ముద్దప్ప ఇంకో ఆర్నెల్లు మా బావినీళ్ళు తాగుతాడు. అమ్మకు ఆర్నెల్లు లేవు. లేచిపోయి పూలు సర్దే వీలూ లేదు. దారం వదులు చేసి కూర్చున్నాను.

అప్పుడు గూట్లో గంట తనంత తాను మోగింది. దీపం నిలువెత్తు లేచింది. వంటింట్లో కుండలు గడగడలాడినాయి. ముద్దప్ప తలపాగా ఎగిరి, వంటిల్లు దాటి బావిలో పడింది.

ఆగండి. మా అమ్మ బతికున్నప్పుడు ఇక్కడ అడ్డం వచ్చేది. "గంటా లేదు, కుండలూ లేవు. ఉండేది చెప్పరా" అనేది. ఇప్పుడు ఆమె లేదు కాబట్టి నేనే సరిచేస్తున్నాను. గంట మోగలేదు. దీపం ఎప్పటిలాగానే ఉండింది. తలపాగా ముద్దప్ప సాష్టాంగపడినప్పుడు జారి, మగ్గం గుంతలోకి దొర్లింది. బావిలో పడడం నేను కలిపింది. తెల్లచీర ఆవిడను కూర్చోబెట్టినానే, ఆ అలవాటు.

జరిగింది ఇంతే. నా వేలికి ఉన్న దారం బిగిసింది. నేను లాగలేదు. అవతలి నుంచి ఎవరో లాగినట్టు, నెమ్మదిగా, గట్టిగా. వేలు బెజ్జం వైపుకు పోయింది. చుట్టు చర్మంలోకి దిగింది.

"వదలరా" అనింది అమ్మ. ఆమె నా చేతినే చూస్తోంది.

"నేను పట్టుకోలేదమ్మా."

ఒక గుటక మింగేంతసేపు అట్లా ఉండి, దారం మళ్ళీ వదులైంది. అదే క్షణాన మగ్గం గదిలో నాయన "అమ్మా!" అని అరిచినాడు. నంజక్క, "కుడి! కుడి పడిందప్పా!" అనింది.

నేను పోయేసరికి ముద్దప్ప నేల మీద బోర్లా పడి ఉన్నాడు. లేచి, తట్టలోని పువ్వు కళ్ళకద్దుకొని చెవిలో పెట్టుకున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. "ఇంక గోడ ఉబ్బింది అననప్పా నరసప్పా. ఉబ్బినా అది నా గోడే" అన్నాడు. అంత సతాయించినవాడు మారుమాట లేకుండా తాంబూలం పుచ్చుకున్నాడు. ఆషాఢం రాకముందే పత్రాలు కూడా అయిపోయినాయి.

వాళ్ళను సాగనంపడానికి నాయన వీధిలోకి పోయినాక నేను గూడు దగ్గరికి పోయినాను. నా దారం కట్టిన పువ్వు అమ్మవారి ఎడమ భుజం మీద అట్లాగే ఉంది. ముడి ముడిగానే ఉంది. ముందురోజు చిన్న గుంజుకే వచ్చిన పువ్వు, వేలు కోసుకుపోయేంత బిగువుకు కూడా కదల్లేదు. కుడి భుజం మీద గంజి గట్టిగా, తెల్లగా ఆరి ఉంది. మధ్యలో తొడిమ అచ్చు గుంటగా ఉంది. పగుల్లేదు. పువ్వు రేకు ముక్క కూడా అంటుకొని లేదు. గోరుతో గీకితే రాలేదు. చివరికి నీళ్ళు పోసి నానబెట్టి తీసినాను.

ఎలుక లాగిందేమో అనుకున్నాను. మా గూట్లో ఎలుకంటూ ఉంటే ముద్దప్ప ఎప్పుడో కనిపెట్టి కాఫీ హోటల్లో చెప్పుండేవాడు. రాతి మీద నూనె ఉండి గంజి పట్టలేదేమో అనుకున్నాను. రాతిని గంజి బాగానే పట్టింది, వదిలింది పువ్వునే. అమ్మను అడిగితే, "నువ్వు లాగలేదు, నేను చూసినా. మీ నాయనకు మాత్రం చెప్పొద్దు" అనింది.

మూటా ముల్లె జట్కాలో వేసుకొని బసవనగుడి అవతలికి చేరినాము. చౌడమ్మను అమ్మే ఒళ్ళో పెట్టుకొని వచ్చింది. ఆ వానాకాలం గడిచింది. ఆయాసం ఒక్కసారిగా పోలేదు. దసరా నాటికి అమ్మ పడుకొని నిద్రపోవడం మొదలుపెట్టింది. మొదటి రాత్రి నాయన నిద్రపోకుండా పక్కన కూర్చొని, ఆమె పడుకోవడం చూసినాడు.

ఆ తరువాత నేను చాలా శుక్రవారాలు అదే గంజి, అదే పట్టుపోగు పెట్టి చూసినాను. దారం ఉన్న పువ్వు లాగితే వచ్చింది, గంజి పెట్టిన పువ్వు ఎంతసేపటికీ రాలేదు. ఒక్కసారి కూడా అటుదిటు కాలేదు. ఎట్లా జరిగిందో నాకు తెలియదు. ఎన్నో అబద్ధాలు నిజమని నమ్మించినవాణ్ణి, ఈ ఒక్క నిజానికి కారణం చెప్పి నమ్మించలేను.

ఒకసారి గంజీ దారమూ లేకుండా, శుద్ధంగా రెండు పూలు పెట్టి ఆమెనే అడిగినాను. ఆ రోజు లాగింది నువ్వేనా అని. చాలాసేపు కూర్చున్నాను. కుడీ పడలేదు, ఎడమా పడలేదు.

బయట అమ్మ ములగకాయల విషయంలో పక్కింటామెతో పోట్లాడుతోంది. ఆమె ఏడు తరాలనూ వరసగా పిలుస్తోంది. మధ్యలో ఎక్కడా దమ్ము తీసుకోవడం లేదు. వింటూ వింటూ, ఇంక పువ్వు పడినా పడకపోయినా నాకు పనిలేదనిపించింది. లేచి, అమ్మ తరఫున నాలుగు మాటలు అనడానికి బయటికి పోయినాను.