చారెడు తవుడుకు అమ్మిన బిడ్డ

మా ఊళ్ళో ఇప్పటికీ ఒక కథ చెప్తారు. నేను రామన్నపేట తాలూకా కచేరీలో బల్ల గుద్ది, తహసీల్దారును నిలదీసి, చనిపోయిన సిపాయి భార్యకు పింఛను ఇప్పించానట. చెప్పేవాళ్ళలో ఒక్కరూ ఆ రోజు అక్కడ లేరు. నేను బల్ల గుద్దలేదు. గుద్దడానికి చేతులు నా స్వాధీనంలో ఉంటే కదా! పైగా ఆ కథలో ఆమె ఒక మూలన ఏడుస్తూ కూర్చున్న అమాయకురాలు. అదీ అబద్ధమే. ఆ రోజుల్లో ఏడ్చింది ఎవరైనా ఉంటే అది నేనే, పశువుల కొట్టం వెనక, ఎవరికీ కనబడకుండా.

ఆమె మా వెనకింటి గొల్లవారి కోడలు. భర్త పట్టాళంలో చేరి, చైనాతో యుద్ధమప్పుడు మంచుకొండల్లో చనిపోయాడు. శవం రాలేదు, కాయితం వచ్చింది. నేను అప్పుడే హైదరాబాదులో బి.ఏ. ముగించి వచ్చి, ఊరందరి మీదా నోరు చేసుకుంటూ తిరుగుతున్నాను. ఇంగ్లీషు వచ్చినదాన్ని కాబట్టి కాయితం నా దగ్గరికే తెచ్చారు. భార్య ఎవరో, పిల్లలెవరో రాసి పంపాలి. తాలూకా కచేరీలో విచారించి నిజమని ధ్రువీకరిస్తే పింఛను వస్తుంది. రాకపోతే ఆమెకు మిగిలేది ఒకటే దారి: ఎండాకాలం కృష్ణ ఒడ్డుకు వలసపోయే మంద వెంట, రెండేళ్ళ పిల్లను చంకనేసుకుని నడవడం.

ఒక్క పూటలో ఫారాలు నింపేశాను. భార్య పేరు, కూతురి పేరు. సాక్షి సంతకమూ నాదే, కింద డిగ్రీతో సహా. ఆమె చేత వేలిముద్ర వేయించాను. ఏం రాశానో చదివి వినిపించలేదు.

తప్పంతా అక్కడే ఉంది. ఎందుకంటే ఊరి లెక్కలో ఆ పిల్ల ఆమెది కాదు. ముందు ఇద్దరు పసిబిడ్డలు పోయారు. మూడోది పుట్టగానే చేటలో పడుకోబెట్టి వాకిట్లోకి తెచ్చి, కుమ్మరింటి అవ్వకు చారెడు తవుడుకు అమ్మేశారు. పిల్లల్ని ఎత్తుకుపోయేదానికి వాళ్ళు పేరు పెట్టరు, 'అది' అంటారంతే. ఈ బిడ్డ మాది కాదని దాన్ని నమ్మించడానికి ఈ అమ్మకం. పిల్ల పాలు తాగేది, పడుకునేది కన్నతల్లి దగ్గరే. కానీ 'అమ్మా' అని పిలవాల్సింది కుమ్మరి అవ్వను, కన్నతల్లిని 'చిన్నమ్మా' అని. పెళ్ళినాడు తవుడు తిరిగిచ్చి కొనుక్కునేదాకా 'నా బిడ్డ' అన్న మాట తల్లి నోట రాకూడదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే, బొమ్మల పెళ్ళిలాంటి ఆట అనుకున్నాను.

విచారణనాడు గుమాస్తా ఫారం చూసి అడిగాడు. "ఏమమ్మా, నీ సంకల ఉన్న గీ పిల్ల నీకేమైతది?"

"ఏం గాదు సారు."

"ఏం గాదంటే?"

"కుమ్మరోళ్ళ పిల్ల. జర ఎత్తుకున్న."

గుమాస్తా కాయితాలు తీసుకెళ్ళి తహసీల్దారు ముందు పెట్టాడు. ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. "లేని బిడ్డను ఉన్నట్టు రాసిండ్రు. మరి పెండ్లమన్నది మాత్రం నిజమని ఎట్ల నమ్మాలె? గీ సాక్షి ఎవరు?"

ఊళ్ళో ఎవరినీ మాట పూర్తి చేయనివ్వని నా నోట్లోంచి "నేనే సార్" తప్ప ఇంకేమీ రాలేదు. తవుడు సంగతి చెప్పబోతే ఆమె నా చేయి రక్తం చిమ్మేలా గిల్లింది. చెప్తే 'అది' వింటుంది.

"పదిహేను రోజులు టైమిస్తున్న. సరిగ్గ వాంగ్మూలం ఇయ్యకుంటే కాయితాలు పోలీసులకు పోతయి."

బస్సు దిగి నడిచినంత దూరం దెబ్బలాడాను.

"నన్ను జైలుకు పంపుతవా అక్కా?"

"జైలుకు పోయినోళ్ళు తిరిగొస్తరు చెల్లె. నా ఇద్దరు రాలె."

"మందల గొర్రెపిల్లకు రోగమొస్తే మందు తాపుతవు గదా, అమ్ముతవా?"

"అమ్ముత. అమ్మకుంటే ఏం తింట?" అని నవ్వింది కూడా. ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండిపోయింది. తర్వాత రోజూ వాళ్ళ వాకిట్లో నిలబడి అరిచాను. మూఢత్వం అన్నాను, చదువు లేకపోతే ఇంతే అన్నాను. లోపల మాత్రం పోలీసుల భయం. వీధిలో సైకిల్ గంట మోగితే చాలు, లోపలి గదిలోకి పోయేదాన్ని.

గడువుకు ముందురోజు తనే వచ్చింది. "నోటితోని చెప్త. ఏమన్నయితే జిమ్మా ఎవరిది?"

"బాధ్యత నాదే" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో!

పిల్లను కుమ్మరి అవ్వ దగ్గర వదిలి వెళ్ళాం. ఆమె కచేరీ తలుపువైపు ఒకసారి చూసి, గుమాస్తా మీదికి వంగి, గుసగుసగా "నా బిడ్డనే సారు" అంది.

"గట్టిగ చెప్పు. ఇనపడలే."

గట్టిగా చెప్పింది. ముద్ర అలుక్కుపోతే మళ్ళీ వేయించారు.

మూడోరోజు పిల్లకు జ్వరం. ఒళ్ళు పెనంలా కాలుతోంది. కుమ్మరి అవ్వ నన్ను తిట్టలేదు. "చెప్పిచ్చినవా బిడ్డా?" అని ఒక్క మాట అడిగి, పిల్ల అరికాళ్ళు రుద్దుతూ కూర్చుంది. నల్లగొండ దవాఖానకు తీసుకెళ్ళాం. సూది వేశారు. డాక్టరు విషజ్వరమన్నాడు, తగ్గుతుందన్నాడు. రెండోరోజుకూ తగ్గలేదు. పిల్ల కళ్ళు తెరవడం మానేసింది. వరండాలో తల్లి పిల్లను కాదు, నన్ను చూస్తూ కూర్చుంది.

అప్పుడు నేను చేసిన పని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. దవాఖాన వెనక సందులో బర్రెలున్న ఒక ఇంటికి పోయి, చారెడు తవుడు అడుక్కుని కొంగులో తెచ్చాను. ఆమె చేతిలో పోసి "బిడ్డను నాకమ్ము" అన్నాను.

ఆమె తవుడు చూసింది, నన్ను చూసింది. "నీకమ్మితే, రేపు గా సారు మళ్ళ అడిగితే ఏం చెప్తవ్ చెల్లె? నీ బిడ్డనంటవా, నా బిడ్డనంటవా?"

అడిగిందే కానీ తవుడు పారబోయలేదు, కొంగున ముడేసుకుంది.

మర్నాడు జ్వరం దిగింది. సూదివల్ల అన్నాడు డాక్టరు. 'అది' విడిచిపోయిందంది అవ్వ. ఇద్దరితోనూ నేను వాదించలేదు. ఆ వానాకాలంలో పింఛను మొదలైంది, తర్వాతి ఎండాకాలం మంద ఆమె లేకుండానే కృష్ణ ఒడ్డుకు పోయింది.

ఆ పిల్ల పెళ్ళి నాటికి కుమ్మరి అవ్వ లేదు. అవ్వ బదులు నన్ను నిలబెట్టారని ఊరు అనుకుంది. పీటల ముందు, అందరూ చూస్తుండగా, తల్లి నా దోసిట్లో తవుడు పోసి బిడ్డను తిరిగి కొనుక్కుంది. "నా బిడ్డ" అంది, ఎవరూ అడగకుండానే, గట్టిగా. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అడగాల్సింది అప్పుడూ అడగలేకపోయాను. ఇప్పటికీ ఆమె మా వాకిట్లోంచే పోతుంది, పలకరిస్తుంది, ఆ మాట నా నోటి దాకా వస్తుంది, ఆగిపోతుంది.

అక్కా, ఆ రోజు కచేరీలో నువ్వు నా మాట నమ్మి చెప్పావా, లేక 'దాని'కన్నా నాకే ఎక్కువ భయపడ్డావా?