పున్నమి దాటినాక ముట్టిన సముద్రము

సముద్రమునంతటిని ఒక్క పుడిసిట పట్టి త్రాగిన కుంభసంభవునకు నమస్కరించి, ఆ సముద్రమును మరల మనకొరకు నిండుగా నిలిపిన వరుణదేవునకు మరి రెండు నమస్కారములు అధికముగా సమర్పించి, ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. స్వస్తిశ్రీ రుధిరోద్గారి నామ సంవత్సర మాఘ శుద్ధ ద్వాదశి, సోమవారము ఉదయమున మేము జనగామ నుండి సముద్రతీరమునకు బయలుదేరాము.

మేమనగా ముగ్గురము. జనగామ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనైన నేను, మా ఆమె, ఆమె తమ్ముడు. మా బావమరిది మానుకోట అంగడి నుండి మిరపకాయల బస్తాలు తోలే వ్యాపారి. ఆయనకొక మెటడార్ వ్యాను ఉండేది. దానిని కడిగించి, లోపల ఒక నులకమంచము, రెండు చాపలు, కిరసనాయిలు స్టవ్వు, నీళ్ళడ్రమ్ము, పచ్చడి జాడీలు సర్ది, వెనుక తలుపుకు మా ఆమె పాతచీర తెరగా కట్టాడు. ఎక్కడ ప్రొద్దుగూకితే అక్కడే ఇల్లు. ఎంత కడిగినా మిరపఘాటు మాత్రము పోలేదు. మొదటి దినమంతా ముగ్గురము తుమ్ముతూనే ఉన్నాము. శకునము పాటించవలసి వస్తే ఆ బండి జనగామ పొలిమేర దాటవలసినది కాదు.

ఇరువది సంవత్సరములకు పైగా నేను తరగతిలో సముద్రవర్ణనలు చెప్పాను గాని సముద్రమును చూడలేదు. అరువదితొమ్మిది వేసవిలో పోవలెనని సర్వము సిద్ధము చేసుకొన్నాను. అంతలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమము వచ్చి బడులు మూతపడ్డాయి, రైళ్ళు నిలిచాయి, నా ప్రయాణమూ నిలిచింది. తరువాత భూపాలపల్లి వైపు బదిలీ అయినప్పుడు మహదేవపూర్ దగ్గర నిండుగోదావరిని చూచి, దీనికి పదింతలు కాబోలునని ఊహించుకొని పాఠము నడిపాను. కాని నా కోరిక సముద్రమును చూచుట మాత్రమే కాదు. తెప్ప ఎక్కి, విరిగిపడే అలలను దాటి, ఆవలికి పోవలెను. నేను చదివిన వర్ణనలలో తరంగములున్నాయి, నురుగున్నది, ఘోష ఉన్నది. ఆ తరంగముల వెనుక ఏమున్నదో మాత్రము నాకు ఎక్కడను దొరకలేదు.

ఇక్కడ మా ఇంటి నియమమొకటి చెప్పవలెను. రావిచెట్టును శనివారమునాడు, సముద్రమును పర్వదినమునాడు మాత్రమే ముట్టవలెనని మా తండ్రిగారు నేర్పారు. తక్కిన దినములలో దూరము నుండి నమస్కారమే. అందుచేతనే మాఘ పౌర్ణమిని ఎన్నుకొన్నాను. పౌర్ణమి గురువారమంతా ఉండి, శుక్రవారము సూర్యోదయమునకు కొంచెము ముందువరకు మిగిలి ఉన్నదని పంచాంగము. ఆ మిగులు చూచుకొనే నేను మోసపోయాను.

పాలకుర్తి దగ్గర అత్తవారింట ఒక పూట అనుకొన్నది ఒక దినమైంది. మానుకోటలో బావమరిది స్నేహితులు భోజనము లేక కదలనీయలేదు. ఖమ్మము దాటి, కృష్ణ ఒడ్డు చేరి కాలువల సీమలో ప్రవేశించిన పిమ్మట మాకు ఒళ్ళే తెలియలేదు. రెండు ప్రక్కల పచ్చని చేలు, కాలువ నిండ నీరు, నీటి మీద బాతులు. జొన్నచేను ఎండకుండ కాపాడుకొనుటే ఒక తపస్సయిన చోటు నుండి వచ్చినవాళ్ళము. నీరు కనబడిన ప్రతిచోట బండి ఆగింది.

"బావా, పున్నమి అందుతదా మనకు? గిట్ల తాపకోసారి ఆగితే ఎట్ల?" అని గురువారము మధ్యాహ్నము బావమరిదే అడిగాడు.

"రేపు తెల్లారుదనుక ఉన్నది. పరేషాన్ గాకు. జర పప్పు ఉడకనియ్యి," అన్నాను నేను, కాలువగట్టున పడుకొని.

ఆ రాత్రి బందరుకు ఇవతల బండి నిలిపాము. బ్రాహ్మీముహూర్తమున లేవవలెనని సంకల్పము. కాని కాలువగాలి చల్లగా వీచింది. మిరపఘాటు తగ్గింది. ముగ్గురము ఒళ్ళెరుగక నిద్రపోయాము. రేవు చేరేసరికి సూర్యబింబము నీటి మీదికి చక్కగా వచ్చి కూర్చున్నది.

సముద్రమును మొదటిసారి చూచిన క్షణమున నాకు ఏ పద్యమూ స్ఫురించలేదు. "అబ్బో" అన్నాను. తరువాత చేతి గడియారము చూచుకొన్నాను. పౌర్ణమి వెళ్ళిపోయింది.

ఒడ్డున ఒక జాలరి మూడు దుంగలు కట్టిన తెప్పను నీటిలోనికి త్రోసేందుకు సిద్ధముగా ఉన్నాడు. బావమరిది పోయి మాట్లాడి వచ్చాడు. ఇద్దరిని ఎక్కించుకొని అలలు దాటించి తెస్తాడట. ఎండ ముదిరితే, గాలి తిరిగితే పోడట. మాకు మరొక ఉదయము లేదు. మరునాడు తెల్లవారకముందే వ్యాను తిరుగుముఖము పట్టవలెను. మానుకోటలో మిరపకాయలు వేచి ఉన్నాయి.

"నేనెక్కను," అన్నాను. "పర్వము పోయింది. ముట్టరాదు."

మా ఆమె నన్ను క్రింది నుండి మీదికి చూచింది. "ఇరవై ఏండ్ల సంది తెప్ప తెప్ప అని నా చెవులు చిల్లులు పొడిసిన్రు. ఇప్పుడు ముట్టద్దంటున్రా?"

"నియమము నియమమే గదా."

"అయితే పదిహేను దినాలు ఈడనే కూసుందాం. అమాసకు ముడుదురు. తమ్మీ, మిరపకాయలు కుళ్ళనియ్యి."

"అక్కా, నన్నెందుకు నడుమ దెస్తవు?" అన్నాడు బావమరిది. "బావ భయపడుతున్నడేమో, నిమ్మళంగ అడుగు."

"భయమేంది!" అన్నాను. అంటూనే రెండడుగులు వెనుకకు జరిగాను.

జాలరి మొలగుడ్డ బిగించుకొంటూ నవ్వాడు. "ఏవండీ పంతులుగారూ, ఎక్కుతారా, ఎక్కరా? మీరు తేల్చుకునేలోపు ఎండెక్కిపోద్దండీ."

మా ఆమె చీరకుచ్చెళ్ళు మోకాళ్ళ వరకు దోపుకొన్నది. పాలకుర్తి దగ్గర మోటబావిలో, వీపుకు బెండ్లు కట్టుకొని ఈత నేర్చిన మనిషి ఆమె. తిన్నగా పోయి తెప్ప మీద కూర్చుండి, అక్కడి నుండి నాకు శాస్త్రము చెప్పింది.

"ఇగో, ఇంటున్రా? సముద్రాన్ని మీరు ముట్టద్దన్నరు మీ నాయిన. సముద్రం మిమ్ముల ముట్టద్దని ఎవలన్న అన్నరా? మీరు కాళ్ళు మీదికి పెట్టుకొని కూసోండ్రి. అది వచ్చి ముడితే, ఆ తప్పు దానిది."

ఇరువది సంవత్సరములు నేను చెప్పిన వ్యాఖ్యానములలో ఇంత సులువైనది ఒక్కటియు లేదు. నిజమునకు, అది నాకు సంతోషముగానే ఉండెను. బావమరిది నన్ను వీపున ఎక్కించుకొని, కాళ్ళు తడవకుండ తెప్ప మీద దించాడు. "బావా, బస్తా మిరపకాయలకన్న బరువున్నవు," అన్నాడు. నేను తరగతిలో కుర్చీ మీద కూర్చున్నట్లు పద్మాసనము వేశాను.

"అట్టా కాదండీ బాబూ! మోకాళ్ళమీద కూర్చుని తాడట్టుకోండి!" అని జాలరి కేకవేసేలోపలనే మొదటి అల వచ్చింది. అది నా కాళ్ళను మాత్రమే ముట్టి ఊరుకోలేదు. శిరస్సు మీదుగా దిగింది. నా ఉత్తరీయమును ఒడ్డునకు పంపింది. నోటినిండ ఉప్పు. పెద్దలు చెప్పిన స్నానమంత్రములన్నియు నాకు కంఠస్థములు. ఆ సమయమున నా నోట వెలువడినది మాత్రము "ఓ నాయినో!"

"ముట్టిందా?" అని అరిచింది మా ఆమె, నవ్వుతూ.

"ముట్టింది, ముట్టింది!"

రెండవ అల మమ్ములను ఎత్తి పడవేసింది. మూడవ దానికి నేనే అరుస్తూ ఎదురుచూచాను. ఒడ్డున బావమరిది గొడుగు ఎత్తి ఊపుతూ ఏమో చెప్పుతున్నాడు. ఒక్క మాటయు వినబడదు. అంతలో జాలరి తెడ్డు నిలిపాడు.

ఘోష లేదు.

అలలను దాటినంతనే సముద్రము మాట్లాడుట మానివేసింది. అక్కడ నీరు విరుగదు, నురుగు కట్టదు. నిద్రించే పసిబిడ్డ పొట్టవలె మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది. ఆ గర్జన అంతయు ఒడ్డుతో జరిగే కలహము మాత్రమే. లోపల కలహమే లేదు. ఇన్ని సంవత్సరములు నేను ఒడ్డునే సముద్రమని చెప్పుకొచ్చానని అప్పుడు తెలిసింది. నాకు నవ్వు వచ్చింది.

మా ఆమె తాడు చేత పట్టుకొని నీటిలోనికి జారింది. "అమ్మగారూ!" అని జాలరి అదిరిపడ్డాడు. ఆమె వెల్లకిల తేలుతూ, "బాయి కన్న అల్కగున్నది. నీళ్ళే ఎత్తుతున్నయి," అన్నది. "మీరూ చెయ్యి పెట్టుండ్రి."

ఈసారి అల ఏదీ రాలేదు. తప్పు మోపేందుకు సముద్రము ముందుకు రాలేదు. నేను తండ్రిగారిని తలచుకొని, నా కుడిచేతిని మోచేతివరకు నీటిలో ముంచాను. నీరు ఒడ్డుననున్న దానికంటె చల్లగా ఉన్నది. జాలరి తెడ్డు తిప్పేవరకు చేతిని తీయలేదు.

మరుసటి సంవత్సరము, రక్తాక్షి నామ సంవత్సర మాఘ పౌర్ణమి, మంగళవారము, అనగా 1985 ఫిబ్రవరి 5వ తేదీన, మేము ముగ్గురము సూర్యోదయమునకు ముందే అదే రేవు చేరి నియమప్రకారము స్నానము చేశాము. మరునాడు పర్వము కాదు. ఆ ఉదయము నేనును మా ఆమెయు మళ్ళీ తెప్ప ఎక్కి అలలు దాటి వచ్చాము.