యాదగిరన్న రెండు కాగితాలు

నిన్న పొద్దున నాచారం నుంచి ఫోన్.

"మన గేటు యాదగిరన్న పోయిండు. గుండెపోటు."



ఆయన మా ఫ్యాక్టరీలో టైమ్ కీపర్. షిఫ్టుకు వచ్చినవాళ్ల పేర్లు గేటు దగ్గర రాసేవాడు. నన్ను అక్కడ డేటా ఎంట్రీ పనిలో పెట్టించింది ఆయనే.

అప్పట్లో నేను పుస్తకం చూసి జావా నేర్చుకుంటున్నాను. గేటు జాబితాను సూపర్‌వైజర్ జాబితాతో పోల్చే ప్రోగ్రామ్ రాశాను. రెండు అర్రేలు, అంటే పేర్ల వరుసలు, వాటి మధ్య రెండు సమాన గుర్తులు.

ఒకే అర్రేను రెండు వేర్వేరు పేర్లతో పిలిచి, దాన్ని దానితోనే పోల్చి టెస్ట్ చేశాను. పదకొండు సార్లు. ప్రతిసారీ "సమానం" అంది.

అసలు జాబితాలు ఇచ్చాక మాత్రం రోజూ "తేడా ఉంది" అంది.

వారం తర్వాత మేనేజర్ యాదగిరన్నను పిలిచి, దొంగ హాజరు వేస్తున్నావన్నాడు. ఆయన గేటు జాబితా, సూపర్‌వైజర్ జాబితా, రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పరిచాడు.

"జర మీరే సూడుండ్రి సార్. పేరుకు పేరు ఉన్నది."

"దొరికినంక దిద్దినట్టున్నవ్."

వెనక నుంచి ఎవరో, "ఏందన్నా, కంప్యూటర్‌కే సదువు జెప్తున్నవా?" అన్నారు. అందరూ నవ్వారు.

ఆయన నా వైపు తిరిగాడు. "తమ్మీ, నువ్వన్న జెప్పు."

"మెషిన్ తప్పు చెప్పదన్నా," అన్నాను.

ఆ సాయంత్రమే ఆయన ఉద్యోగం పోయింది.

ఆ రోజు నవ్వినవాళ్లలో ముగ్గురు ఈ పోస్ట్ చదివేవాళ్లలో ఉన్నారు. నిన్నటి నుంచి దండ వేసిన ఆయన ఫొటోలు పెడుతున్నదీ వాళ్లే.

కొత్త టైమ్ కీపర్ వచ్చిన మొదటి రోజు కూడా ప్రోగ్రామ్ "తేడా ఉంది" అంది. అప్పుడు పుస్తకం మళ్లీ తెరిచాను.

జావాలో ఆ జంట సమాన గుర్తు అర్రేల లోపలి పేర్లను చూడదు. రెండూ ఒకే అర్రేనా అని మాత్రమే చూస్తుంది. విడివిడి జాబితాలు అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉన్నా, కాదనే అంటుంది.

లంచ్ టైమ్‌లో ఒక్క లైన్ మార్చాను.

ఎవరికీ చెప్పలేదు. ఆ నెలలోనే నన్ను పర్మినెంట్ చేయబోతున్నారు. చేశారు.

పోయిన ఏడాది ఉప్పల్‌లో, మెట్రో పిల్లర్ల కింద ఎదురుపడ్డాడు. నాగోల్‌లో ఏదో అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా చేస్తున్నాడట. తిడతాడనుకున్నాను. జేబులోంచి ప్లాస్టిక్ కవర్ తీశాడు. అందులో మడతల దగ్గర చిరిగిపోయిన ఆ రెండు కాగితాలు.

"తమ్మీ, నువ్ తెలిసినోనివి. తేడా ఏడున్నదో జర సూపియ్యి. ఇన్నేండ్ల సంది ఎతుకుతున్న, నా కండ్లకు దొర్కుతలేదు."

"బస్సు వచ్చింది, మళ్లీ చూస్తానన్నా."

అది నేను ఎక్కవలసిన బస్సు కాదు. అయినా ఎక్కాను.

ఆయన కూతురు ఈ పోస్ట్ చూస్తుందని తెలుసు. అమ్మా, మీ నాన్న ఒక్క దొంగ హాజరు కూడా వేయలేదు. తప్పు నాది. తెలిసీ దాచిందీ నేనే.

యాదగిరన్నా, ఆ కాగితాలలో తేడా లేదు.

ఇక వెతకకు. నీ కళ్లకు ఇప్పుడైనా విశ్రాంతి దొరకాలి.