సభలో లేని చెయ్యి

బాళగనూరికి ఓట్లడగవచ్చిన ఎమ్మెల్యే మహదేవప్పగారు వెంకటరత్నమ్మ ఇంటి నులకమంచంలో నడుందాకా దిగబడ్డారు. ఇద్దరు పట్టి లాగాల్సి వచ్చింది. ఆమె నవ్వలేదు. కృష్ణా జిల్లాలో ఉన్నదంతా అమ్మి ఇక్కడ కొన్న నాలుగెకరాలూ కాలవనీరు ఊరి ఊరి చౌడెక్కాయి. ఆ దిగులుతోనే పెనిమిటి పోయాడు. చేలల్లో నిలిచిన నీరు పోయేందుకు మురుగుకాలవలు తవ్వించే బిల్లేమో సభలో ఒక్క ఓటు తక్కువై వీగిపోయింది. రేపు ఆమె ఊరు వదిలి వెళుతోంది.

"ఆ బిల్లును మీరే చంపారు," అంది.

మహదేవప్పగారు నొచ్చుకున్నారు. "గట్లంటవేందమ్మా! నేను బిల్లుకు ఖిలాఫ్ చెయ్యి లేపలే. ఆ దినం పెండ్లికి పోయిన, సభలనే లేను. నన్ను గూడ చెయ్యి లేపినోండ్లల్ల కలిపితే ఇన్సాఫేనా?"

"మా వరి కూడా నాకెదురు చెప్పలేదు బాబూ, మొలవలేదంతే."